నాలుగు రంగుల మావ

మాది పలాస అని చెప్పుకోవడం నేను చాలాకాలం క్రితమే తగ్గించేశాను. ఆ మాట నోట్లోంచి వచ్చిన మరుక్షణం ఎదుటివాళ్ళకు నేను కనబడటం మానేసి జీడిపప్పు కనబడటం మొదలవుతుంది. "ఈసారి వచ్చేటప్పుడు కాస్త..." అని నసుగుతారు. పలాసలో పుట్టిన ప్రతివాడి పెరట్లోనూ జీడిపప్పు ప్యాకెట్లలోనే కాస్తుందని లోకం నమ్మకం. ఏళ్ళ తరబడి స్నేహం చేస్తున్న పెద్దమనిషి ఒకాయనకు నా ఇంటిపేరు ఇప్పటికీ తెలియదు, నేను తెచ్చేది గుండు పప్పో బద్ద పప్పో మాత్రం ముట్టుకోకుండానే చెప్పగలడు. ఓసారి విసుగు పుట్టి, ఊరి పేరు బదులు మా ప్రాంతం పేరు పెట్టి "మాది ఉద్దానం అండీ" అని మార్చి చెప్పి చూశాను. అది ఇంకా పొరపాటు. జీడిపప్పు అడగరు సరే, గొంతు తగ్గించి, నా మొహంలోకి కాస్త పరీక్షగా చూసి, "అక్కడ నీళ్ళు ఎలా ఉన్నాయండీ?" అంటారు. ఆ చూపు కన్నా జీడిపప్పే నయం.

గౌరి ఫోన్ చేసిన వేళకు కూడా నేను ఒకరికి పప్పు తేనందుకు సంజాయిషీ చెప్పుకుంటున్నాను. గౌరి మా సూర్యం మావ కూతురు. సూర్యం మావ మా అమ్మకు తమ్ముడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన భార్య కాంతమ్మ అత్త జలంత్రకోటలో కూతురి దగ్గరే ఉంటూ మొన్ననే కాలం చేసింది. దహనానికి వెళ్ళి వచ్చాను కూడా. "పెద్దకర్మకి ఫొటో కావాల బావా. నాన్నది నువ్వే సేసినావు, అమ్మదీ నువ్వే సెయ్యి," అంది గౌరి. ఏడవడం అయిపోయి పనులు మిగిలినవాళ్ళ గొంతు అది. సరేనన్నాను. రైల్లో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానే గానీ తెరవలేదు. దారి పొడుగునా కాశీబుగ్గ స్టూడియోనే మనసులో తిరిగింది.

పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో, బస్టాండుకు కాస్త ఎగువన ఉండేది మావ ఫొటో స్టూడియో. ముందు గదిలో ఫొటోలు తీసేవాడు, మధ్య గదిలో కడిగేవాడు, వెనక గదుల్లో కాపురం. దాని పేరు గౌరీ ఫొటో స్టూడియో. పెళ్ళయిన చాన్నాళ్ళకు కూతురు పుడితే, బోర్డు ఎలాగూ రాయించి ఉంది కదా అని ఆ పిల్లకు కూడా గౌరి అని పేరు పెట్టారు. నేను డిగ్రీ చదవడానికి ఆ ఇంటికి వచ్చి, డిగ్రీ అయిపోయాక ఎక్కడికి వెళ్ళాలో తోచక అక్కడే ఉండిపోయాను. బీయస్సీలో కాంతి గురించి చదివాను కాబట్టి ఫొటోల పనికి సరిపోతానని మా అమ్మ వాదించింది. "ఫిజిక్సా? అయితే ఆ బల్బు మార్చు," అన్నాడు మావ. మార్చాను. ఉద్యోగం వచ్చేసింది.

ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. తెల్లవారి అత్త రాగిపిండితో కాచే చోడి అంబలి వాసన, నెత్తళ్ళ చేపలు వేగే వాసన, మధ్య గదిలోంచి హైపో వాసన. కాగితం మీద బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే మందు హైపో, ముక్కులో గుచ్చినట్టు ఉంటుంది. గాలి ఇటు తిరిగితే జీడిగింజలు కాల్చే బట్టీల పొగ కూడా వచ్చి ఈ సభలో కూర్చునేది. అత్త కాచిన చారుకు కూడా కొంచెం హైపో రుచి ఉండేదని నా అనుమానం. ఇప్పటికీ ఎవరింట్లో చారు తిన్నా ఏదో తక్కువైనట్టే ఉంటుంది. మావ మాత్రం ఈ వాసనలేవీ తనవి కానట్టు తెల్లబట్టలు వేసుకుని, పౌడరు రాసుకుని, అద్దానికి తాడుతో కట్టిన దువ్వెనతో తల దువ్వుకుని స్టూడియోలోకి వచ్చేవాడు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, గెడ్డం పట్టుకుని వంచి, "నవ్వకండి, ఇది దరకాస్తుకి" అనేవాడు. నవ్వాలని ఎవరికీ ఉండేది కాదు గానీ, ఆ మాట విన్నాక నవ్వొచ్చేది.

మావకు పేరు వచ్చింది బతికున్నవాళ్ళ వల్ల కాదు, పోయినవాళ్ళ వల్ల. మనిషి పోయాక ఫొటో కోసం వెతికితే రేషన్ కార్డు మీద అరిగిపోయిన మొహమో, ఎవరి పెళ్ళిలోనో వెనక వరుసలో సగం తలకాయో దొరికేది. ఆ ముక్క పట్టుకుని ఉద్దానం ఊళ్ళ నుంచి బస్సెక్కి మా దగ్గరికి వచ్చేవాళ్ళు. మావ దాన్ని మళ్ళీ ఫొటో తీసి, పెద్దది చేసి, పుల్లకు దూది చుట్టి బుగ్గలకు గులాబీ రంగు, పెదాలకు కాస్త ఎరుపు అద్దేవాడు. మెడ దాకా మనిషి, అక్కడినుంచి కింద మాత్రం ఆయన సొంత కవిత్వం. నల్ల కోటు, తెల్ల చొక్కా, ఎర్ర టై. ఎవరు పోయినా అదే కోటు. సోంపేట నుంచి డొంకూరు దాకా ఏ ఇంట్లోకి వెళ్ళినా దండ వెనక ఆ కోటే కనబడేది. కొబ్బరిచెట్లు ఎక్కినవాళ్ళు, వలలు లాగినవాళ్ళు, జీడితోటలకు కాపలా కాసినవాళ్ళు, అందరూ ఒకే ఆఫీసులో పనిచేసి రిటైరైనట్టు ఉండేవారు. సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చిన ఒకామె ఫొటో అందుకుని చాలాసేపు చూసి, "బాగుంది గానీ బాబూ, మా ఇంటాయన సొక్కాయే ఏసుకునీవోడు కాదు," అంది మొహమాటంగా. మావ తడుముకోలేదు. "ఇప్పుడు ఏసుకుంటాడులేమ్మా. ఎల్లినకాడ సలేస్తాది," అన్నాడు. ఆమె ఆలోచించి, నిజమేనన్నట్టు తల ఊపి, ఫొటోను కొంగు కింద పెట్టుకుని వెళ్ళిపోయింది.

కోటు వెనక ఉన్నవాళ్ళలో ముసలివాళ్ళు తక్కువ. ఆ సంగతి ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. వేరే ఊళ్ళలో చాన్నాళ్ళకు కనబడిన మనిషిని "కాస్త ఒళ్ళు చేశావే" అని పలకరిస్తారు. మా వైపు ఆ మాట ఎవరూ అనరు. మొహం నిండుగా ఉందంటే ముందు కాళ్ళవైపు చూస్తారు, అవి కూడా నిండుగా ఉన్నాయేమోనని. బడి మొహం చూడని ముసలమ్మ కూడా "క్రియాటిను ఎంతుందట?" అని కిడ్నీ పరీక్షలో వచ్చిన అంకె అడుగుతుంది, మరో ఊళ్ళో అయితే భోజనం అయిందా అని అడిగినట్టు. కిడ్నీలు ఎందుకు పోతున్నాయో నీళ్ళను అడిగారు, మట్టిని అడిగారు, ఎవరూ సరిగా జవాబు చెప్పలేదు. పోయినవాళ్ళ ఆఖరి ఫొటోల్లో మొహాలు ఉబ్బి, కళ్ళు సగమై ఉండేవి. అందుకని వచ్చినవాళ్ళంతా ఒకటే అడిగేవాళ్ళు: "ఉబ్బు తీసీండి బాబూ." తెలుగులో ముల్లు తీస్తాం, దిష్టి తీస్తాం, ప్రాణం తీస్తాం, ఫొటో కూడా తీస్తాం. మా స్టూడియోలో ఫొటో తీయడం కన్నా ఫొటోలోంచి తీయడమే పెద్ద పని.

తరువాత కంప్యూటరు వచ్చింది. నన్ను విశాఖపట్నం పంపించి ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ నేర్పించారు. తిరిగొచ్చి మొదట చేసిన పని మావ కోటును శుభ్రంగా కత్తిరించి ఒక ఫైలుగా దాచడం. ఇక దూదీ పుల్లా అక్కర్లేదు, తల తెచ్చి పెడితే చాలు. మావ కొన్నాళ్ళు నా వెనక నిలబడి చూసి, "నాను ఇన్నేళ్ళు కుట్టిన కోటు గుంటడు ఒక్క నొక్కుతో కుట్టీసినాడు," అని అత్తతో అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో అత్తకూ అర్థం కాలేదు. ఆ పాఠాల సీడీలోనే నాకు పాప్ ఆర్ట్ అనేది తగిలింది. మనిషి ఫొటో తీసుకుని, అందులో నునుపంతా తుడిచేసి, మొహాన్ని కొన్ని మచ్చలుగా మార్చి, ఒక్కో మచ్చలో ఒక్కో ముదురు రంగు డబ్బాలోంచి పోసినట్టు నింపాలి. అదే మొహాన్ని నాలుగు గళ్ళలో నాలుగు రంగుల్లో పెట్టాలి. మావ అది చూసి, "మనిషికి రంగెయ్యమంటే గోడకేసినట్టేసినావేట్రా," అన్నాడు. కుర్రాళ్ళకు మాత్రం పిచ్చెక్కింది. పుట్టినరోజులకు, ప్రేమలకు, షాపుల ప్రారంభోత్సవాలకు అదే కావాలన్నారు. కాశీబుగ్గలో దానికి నాలుగు మొకాల ఫొటో అని పేరొచ్చింది. బ్రహ్మదేవుడి తరువాత ఆ హోదా మా వీధి చివర పాన్ షాపు అతనికి దక్కింది.

ఆ ఉత్సాహంలో డొంకూరు నుంచి మా కాలేజీకి వచ్చి నాతో చదివిన ఎర్రయ్యకు ఒకటి చేసి ఇచ్చాను. ఒకే గడి, ఒకే మొహం, చక్కటి నీలం. నాకు చాలా నచ్చిన పని. వారం తిరక్కుండా వాళ్ళమ్మ దాన్ని తువ్వాల్లో చుట్టుకుని స్టూడియోకి వచ్చింది. బల్ల మీద బోర్లా పెట్టింది, విప్పలేదు.

"మా గుంటడు బతికే ఉన్నాడు బాబూ," అంది.

"తెలుసమ్మా. ఏటయింది?"

"మరి నీలం మొకం ఎందుకెట్టినావు? నీలం ఎవులికుంటాదో నీకు తెల్దా? నీళ్ళల్లోన పోయి ఒడ్డుకి కొట్టుకొచ్చినోడికుంటాది. మా ఆయన్నలగే సూసినాను. మళ్ళీ ఈడినీ అలగే సూడమంటావేటి?"

బీయస్సీలో నీలం గురించి చాలా చెప్పారు, ఇది చెప్పలేదు. ఆమెను ఎదురుగానే కూర్చోబెట్టి నీలం తీసేసి నారింజ పోశాను. తెరను తేరిపార చూసి, "ఇదిగో, ఇప్పుడు పొద్దున్నే సూరీడెదర నిలబడ్డట్టున్నాడు," అని శాంతించింది. ఆరోజు నుంచి ఉద్దానం వాళ్ళకు నీలం వాడటం మానేశాను. పసుపు వేస్తే పచ్చకామెర్లన్నారు, ఆకుపచ్చ వేస్తే పగటివేషం అన్నారు. చివరికి నాకు గులాబీ, నారింజ మిగిలాయి. ఆ రెండింటితోనే కళాసేవ చేశాను.

ఒకరోజు పొద్దున్న మావ వేలి ఉంగరం ఊడిరాలేదు. సబ్బు రాసి చూశాడు, కొబ్బరినూనె రాసి చూశాడు. అత్త అంబలి గిన్నె చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది. ఆమె పుట్టిల్లు ఉద్దానమే, ఆ వాపు ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పవలసిన పని లేదు. ఆ తరువాత విశాఖపట్నం ఆసుపత్రి, మందులు, డయాలసిస్, రైల్లో రాకపోకలు. డాక్టరు నీళ్ళకు కూడా హద్దు పెట్టాడు. అత్త ఆయన కోసం ఒక స్టీలు గ్లాసు వేరుగా పెట్టి, రోజంతటికీ అందులోంచే ఇచ్చేది. ఫొటోలు కడగడానికి డ్రమ్ములకొద్దీ నీళ్ళు పారబోసిన మనిషి ఆ గ్లాసును చెంచాతో తాగేవాడు. మధ్య గదిలో కుళాయి కారుతుంటే లేచి వెళ్ళి కట్టేసి వచ్చేవాడు. "ఆ సప్పుడు ఇంటే దాహమేస్తాందిరా," అనేవాడు. మొహం రోజురోజుకూ నిండింది. స్టూడియోలో అద్దం మీద తువ్వాలు వేశాడు. తల దువ్వుకోడానికి వచ్చినవాళ్ళు అడిగితే, అద్దం పాడైందని చెప్పేవాడు.

ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అత్త ఎత్తింది. ఒక మధ్యాహ్నం పెరట్లో నెత్తళ్ళ తలలు తుంచుతూ, తల ఎత్తకుండానే అంది. "ఊరందరి మొకాలూ సేసినారు. మీ మొకం ఒక్కటీ నేదు. రేపు నాను దండ దేనికేసుకోవాలి? కెమెరాకా?"

నిజంగానే లేదు. మావ ఎప్పుడూ కెమెరాకు ఇవతలే ఉన్నాడు. రేషన్ కార్డు మీద మొహం ఉండాల్సిన చోట నల్లమచ్చ ఉంది. ఆల్బములన్నీ వెతికితే ఒక గ్రూపు ఫొటో అడుగున ఆయన నీడ దొరికింది. పెళ్ళి ఫొటో ఒకటి ఉంది గానీ అందులో కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ ఫొటో తీసినవాడి మీద కోపంతోనే మావ ఈ వృత్తిలోకి దిగాడని అత్త అంటూ ఉండేది. కాబట్టి ఇప్పుడు తియ్యాలి. ఇప్పుడంటే మావ ఒప్పుకోడు.

"ఈ మొకమా? ఇది నాది కాదే, రోగానిది. దీన్ని గోడకెక్కిస్తే గౌరి పొద్దున్న లేసి రోగానికి దణ్ణం పెట్టాల. ఆ గుంట సిన్నది. ఏది ఎదురుగుంటే అదే నాన్న అనుకుంటాది. పెడితే నన్ను పెట్టండి, నేకపోతే ఖాళీ గోడే ఉంచండి."

గౌరి అప్పటికి రెండో తరగతి.

అత్త నావైపు చూసింది. ఆ చూపు, పని నామీద పెట్టేటప్పటి మా అమ్మ చూపుకు దగ్గరి చుట్టం. రెండు రోజులు మావ వెంటపడి ఒప్పించాను. ఒప్పుకున్నాడు గానీ షరతులు పెట్టాడు. తీసిన ఫొటో తీసినట్టు ఎవరికీ చూపించకూడదు, పని కాగానే చెరిపెయ్యాలి. గౌరి బడికి వెళ్ళిన వేళే తియ్యాలి. "మరో మాట. ఆ కోటు నాకు తొడిగినావంటే లేసొచ్చి తంతాను," అన్నాడు. లైట్లు పెట్టబోతే వద్దన్నాడు. తలుపు సగం తెరిపించి, పక్కనుంచి వచ్చే ఎండలో స్టూలు వేయించుకున్నాడు. కూర్చున్నాక ఇన్నాళ్ళూ జనానికి చెప్పినట్టే తనకు తాను చెప్పుకున్నాడు: "గెడ్డం కిందికి. నవ్వకు." అప్పుడు నవ్వాడు. నొక్కేశాను.

మొదట మామూలుగానే దిద్దడానికి చూశాను. బుగ్గలను లోపలికి జరిపాను, కళ్ళ కింద నీరు తుడిచాను. వచ్చినవాడు మావ కాదు. వెనక నిలబడి చూస్తున్న మావ, "మీ అత్త తమ్ముడెందుకొచ్చినాడ్రా ఇందులోకి?" అన్నాడు. దాన్ని మూసేసి పాప్ ఆర్ట్ పద్ధతికి వెళ్ళాను. అందులో త్రెషోల్డ్ అనే మీట ఒకటి ఉంటుంది. దాన్ని జరుపుతూ పోతే ఫొటోలో బూడిద రంగంతా పోయి నలుపూ తెలుపే మిగులుతాయి. వెలుగు పడిన చోటు తెలుపు, నీడ ఉన్న చోటు నలుపు. మీట కొద్దికొద్దిగా జరిపాను. ఉబ్బిన బుగ్గ మీద ఎండ పడింది కదా, అదంతా తెలుపులో కలిసిపోయింది. కళ్ళ కింద సంచులు పోయాయి. మెడ మీది వాపు పోయింది. మిగిలినవి కనుబొమ్మలు, ముక్కు పక్క నీడ, మీసం, చెవి అంచు, పెదాల చివర ఆ నవ్వు గీత. ఇంకేమీ లేవు. ఆ కాసిని మచ్చల్లోంచి నన్ను బల్బు మార్చమన్న మనిషి నావైపు చూశాడు. మీట ఇంకొక్క వెంట్రుకవాసి జరిపితే మీసమూ తెలుపైపోతుంది, మనిషే ఉండడు.

"ఆపు. ఆడే ఆపీ," అన్నాడు మావ. కుర్చీ లాక్కుని తెరకు దగ్గరగా కూర్చున్నాడు. "ఉబ్బు ఎటెల్లిపోనాదిరా?"

"ఎలుగులోకెల్లిపోనాది మావా."

ఆ మాట ఆయనకు నచ్చింది. లోపల్లోపల రెండుసార్లు అనుకున్నాడు. తరువాత వృత్తి గుర్తొచ్చి గొంతు మార్చి, "సరే, రంగులేటేస్తావు?" అన్నాడు. గులాబీ, నారింజ, ఎరుపు అని చెప్పాను. నాలుగో గడికి ఏమీ తోచడం లేదన్నాను.

"నీలమెయ్యి."

"నీలమొద్దు మావా. అత్త ఒప్పుకోదు. నీళ్ళల్లో పోయినోల్ల రంగంట అది." ఎర్రయ్య వాళ్ళమ్మ సంగతి చెప్పాను.

మావ తెరమీద నాలుగో గడి మీద వేలు పెట్టాడు. "అందుకే ఎయ్యమన్నాను. నాను నీళ్ళు నేక పోతన్నోడిని. ఒక్క గడిలోనైనా తడిగా ఉండనీ."

గుమ్మంలో నిలబడ్డ అత్త ఆ మాట విని లోపలికి వెళ్ళిపోయి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమవలసిన గిన్నెలేవీ లేవు. నేను నీలం పోశాను. ఆయన మాట ప్రకారం అసలు ఫొటోను ఆయన కళ్ళముందే చెరిపేశాను.

ఆ ఎండాకాలం ముగిసేలోపు మావ పోయాడు. పెద్దకర్మ నాడు నాలుగు రంగుల మావను గోడకు పెట్టారు. వచ్చిన చుట్టాలకు ఎక్కడ చూడాలో తెలియలేదు. తెల్లబట్టల మధ్య, అగరొత్తుల పొగలో, ఆ గోడ ఒక్కటే పెళ్ళింటి గోడలా వెలిగిపోతోంది. మావకు పెద్దమ్మ వరస అయ్యే ముసలామె ఉండబట్టలేక, "ఇదేటే కాంతమ్మా, మా బాబు హోళీ ఆడొచ్చినట్టున్నాడు?" అంది. అత్త, "ఆడనీ అత్తా. బతికున్నప్పుడు ఏనాడు ఆడినాడు గనక," అంది. బొట్టు పెట్టేటప్పుడు ఏ నుదుటికి పెట్టాలో తెలియక పంతులుగారు కూడా ఆగారు. అత్త ఆగలేదు. నాలుగు నుదుళ్ళకూ పెట్టింది, నీలం నుదుటికి కొంచెం పెద్దది.

తరువాత చాలామంది అదే కావాలని వచ్చారు. "సూర్యం గారిది సేసినట్టు మా వోడిదీ సెయ్యండి" అనేవాళ్ళు. ఉబ్బిన మొహాలన్నీ ఒక్కొక్కటే వెలుగులోకి పంపించాను. మావ కోటు ఫైలు తెరిచే పని లేకుండా పోయింది. గౌరి రోజూ బడికి వెళ్ళేముందు గోడ ముందు నిలబడి ఆరోజుకు ఒక నాన్నను ఎంచుకునేది. పరీక్షల నాడు ఎరుపు నాన్న, మామూలు రోజుల్లో నారింజ నాన్న. "ఇవాళ నీలం నాన్నకి సెప్పొస్తాను" అందంటే ఇంట్లో ఎవరితోనో గొడవపడిందని అర్థం. అత్త ఆ మాటలు విని ఎన్నాళ్ళకో మొదటిసారి నవ్వింది. నాకూ గర్వంగానే ఉండేది. ఆ పిల్ల రోగానికి దణ్ణం పెట్టడం లేదు, మావ అడిగింది అదొక్కటే. ఆ తరువాత నేను ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్ళిపోయాను, స్టూడియో మూతపడింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపు ఉంది. నేను విశాఖపట్నం వెళ్ళి నేర్చుకొచ్చిన పనంతా అక్కడ అమ్మే ప్రతి ఫోనులోనూ ఉంటుంది. వేలు పెట్టి తీసేలోపు మనిషిని నాలుగు రంగులు చేస్తుంది. ఏ రంగు ఎవరికి కూడదో దానికి ఎవరూ చెప్పలేదు.

జలంత్రకోటలో గౌరి ఇంటికి వెళ్ళేసరికి వసారాలో కొబ్బరిమట్టల మీద ఎండ తిరిగింది. గౌరి ఊళ్ళో బడిపిల్లలకు పాఠాలు చెబుతుంది. పెద్దకర్మ పనులన్నీ కూడా పాఠం చెప్పినంత నిదానంగా చేసుకుపోతోంది. తన ఫోను నా చేతిలో పెట్టి, "అందులో ఉన్నాయి బావా, ఏది కావాలంటే అది తీసుకో," అని వంటింట్లోకి వెళ్ళింది. మావకు ఒక్క ఫొటో దొరకలేదు. అత్తవి వేలు జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి. అత్త అన్నం తింటోంది, అత్త టీవీ ముందు కునుకుతోంది, అత్త గౌరి కొడుకును తిడుతోంది, అత్త కెమెరా వద్దని చెయ్యి అడ్డం పెడుతోంది. ఇన్నిట్లో అత్తను వెతకడమే కష్టమైంది. చివరి రెండేళ్ళ ఫొటోల్లో ఆ ఉబ్బు మళ్ళీ కనబడింది. అత్తనూ అదే పట్టుకుంది. పట్టుకున్నప్పటి సంగతి గౌరి నాకు ఫోనులో ఒక్క మాటలో చెప్పింది: "అమ్మకి కూడా."

పెరటి తలుపు దగ్గర కూర్చుని దేనికో నవ్వుతున్న ఫొటో ఒకటి ఎంచుకున్నాను. వెలుగు పక్కనుంచి పడుతోంది. ల్యాప్‌టాప్ కుర్చీ మీద పెట్టి, పాత అలవాటు ప్రకారం రంగు తీసేసి మీట జరపడం మొదలుపెట్టాను. బుగ్గలు తెలుపులోకి వెళ్ళాయి. కళ్ళ కింద నీరు వెళ్ళింది. ముక్కుపుడక నీడ, కనుబొమ్మ, నవ్వినప్పుడు అత్తకు ఒకపక్కే పడే గీత మిగిలాయి. ఎక్కడ ఆపాలో చేతికే తెలుసు. గౌరి టీ గ్లాసుతో వచ్చి నా భుజం వెనక నిలబడింది.

"ఏటి సేత్తన్నావు బావా?"

"ఉబ్బు తీస్తన్నాను. మావ పక్కన పెడితే జత కుదరాల కదా. రంగులు నువ్వే సెప్పు, అత్తకేటి ఇష్టం?"

ఆమె తెరను చూసింది. తరువాత తలుపులోంచి లోపలి గోడమీదున్న వాళ్ళ నాన్నను చూసింది. ఎండకు గులాబీ వెలిసింది, ఎరుపు వెలిసింది, నీలం మాత్రం అలాగే ఉంది. టీ గ్లాసు కింద పెట్టింది.

"అమ్మది తియ్యకు," అంది. "ఉబ్బుంటే ఉండనీ."

"రోగం మొకం గోడకెందుకే గౌరీ? మీ నాన్న ఆరోజు ఏటన్నాడో నీకు..."

"తెలుసు. అమ్మ సెప్పింది." మీట మీదున్న నా చేతిని పక్కకు జరిపింది. గొంతులో కోపం లేదు. "నాకు నాన్న మొకం గుర్తు లేదు బావా. నువ్వు సేసిన బొమ్మే గుర్తుంది."